సన్నోమియాలో మైకు చేతికొచ్చిన రాత్రులు

జపాన్‌లోని కోబేలో దారి అడిగితే తూర్పు, పడమర అని ఎవరూ చెప్పరు. కొండ వైపు వెళ్లండి, సముద్రం వైపు వెళ్లండి అంటారు. పెద్ద షాపుల గుమ్మాల మీద కూడా అలాగే రాసి ఉంటుంది. ఒక పక్క రొక్కో కొండలు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో ఇరుక్కుని పొడుగ్గా సాగిన ఊరు. విశాఖపట్నం వాణ్ణి కాబట్టి దిగిన రోజే ధైర్యం వచ్చేసింది, ఈ ఊళ్లో నేను తప్పిపోను.

2008 సెప్టెంబరులో ఆన్‌సైట్ మీద వెళ్లాను. అదే నెలలో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. దాంతో మా ప్రాజెక్టు రేపుంటుందో ఎల్లుండి ఊడుతుందో అన్నట్టే నడిచింది. క్లయింటు ఆఫీసు పోర్ట్ ఐలాండ్‌లో. సముద్రాన్ని పూడ్చి కట్టిన దీవి అది. ఊరి నడిబొడ్డున ఉన్న సన్నోమియా నుంచి అక్కడికి పోర్ట్ లైనర్ అనే రైలెక్కాలి, దానికి డ్రైవరుండడు. తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ ఒక రాజమండ్రి కుర్రాడూ. పనేమిటంటే, టెస్టింగ్‌లో కనబడిన ప్రతి స్క్రీన్‌నీ ఫొటో తీసి ఎక్సెల్‌లో అతికించడం. దానికి ఎవిడెన్స్ అని పేరు. జపాన్‌లో పనిచేసొచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లెవరినైనా కదపండి, ఈ ఎక్సెల్ గోడు ఒక పూట చెబుతారు. మా కచో, అంటే సెక్షన్ మేనేజరు, ఆ షీట్లన్నీ ప్రింటు తీయించి స్కేలు పెట్టి మరీ చూసేవారు. బొమ్మ గడి దాటి బయటికొస్తే పక్కన చిన్న ఎర్ర చుక్క. తిట్టు లేదు, మాట లేదు, చుక్కే.

ఆ మనిషే డిసెంబరులో, ఏడాది చివర ఆఫీసులన్నీ చేసుకునే బోనెన్‌కై విందు అయ్యాక, టై జేబులో పెట్టుకుని "ఇప్పుడు పాడదాం" అన్నారు.

మొదట వెళ్లింది కరోకే బాక్సుకి, అంటే యంత్రం వాద్యం వాయిస్తే మనం మైకులో పాడుకునే చోటికి. నిలువుగా అంతస్తుల మీద అంతస్తులు, ప్రతి అంతస్తులోనూ వరసగా గదులు. గదిలో సోఫా, టీవీ, రెండు మైకులు, ఒక గిలకల తప్పెట, గోడకి ఒక ఫోను. ఆ ఫోనులో ఆర్డరు చెబితే తాగేవి వస్తాయి. టైము ఇంకో పది నిమిషాలుందనగా అదే ఫోను మోగుతుంది. ఈ గదుల పద్ధతి కోబేకి పడమరగా ఉన్న ఒకయామాలో 1985లో మొదలైందట. సరుకు లారీల పాత కంటెయినర్లు తెచ్చి, లోపల యంత్రం పెట్టి అద్దెకిచ్చారు. నాకు మాత్రం ఆ గదుల్లో ఎప్పుడూ పెద్దగా మజా అనిపించలేదు. అందరూ తెలిసినవాళ్లే, ఆఫీసే ఇంకో గదిలో కూచున్నట్టుండేది. పైగా ఆ యంత్రం పాడగానే మార్కులేస్తుంది. ఎర్ర చుక్క ఇక్కడికీ వచ్చిందే అనుకున్నాను. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. అర్ధరాత్రి దాటాక రైళ్లుండవు, టాక్సీ ఎక్కితే వారం తిండి ఖర్చు. తెల్లవారి ఐదింటిదాకా ఫ్రీ టైమ్ అని ఒక రేటుంటుంది, దానికి గది తీసుకుని సోఫా మీద నడుం వాల్చేయొచ్చు. పక్క గదిలో ఎవరో గొంతు చించుకుంటుంటే మనం నిద్రపోవడం, అదో అనుభవం.

అసలు రాత్రి ఆ తర్వాత మొదలైంది. మిగతావాళ్లు లాస్ట్ ట్రైన్‌కి పరిగెత్తారు. కచో మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని కొండ వైపు నడిచారు. ఇకుటా అని చాలా పాత గుడొకటి ఉంది అక్కడ. గుడికి తూర్పు పక్క వీధంతా బార్లు. పేరు హిగాషిమోన్. ఒక్కో మేడకి నిలువునా పదిహేను ఇరవై చిన్న బోర్డులు, ఒక్కో బోర్డు ఒక్కో దుకాణం. లిఫ్టులో ముగ్గురికి మించి పట్టరు. మూడో అంతస్తులో కిటికీ కూడా లేని తలుపు తోసుకుని లోపలికెళ్తే ఒక బల్ల, దాని ముందు ఎనిమిదో తొమ్మిదో ఎత్తు కుర్చీలు, బల్లకి అవతల డెబ్భై ఏళ్ల ఆవిడ. ఇలాంటి వాటిని స్నాక్ బార్లంటారు, నడిపే ఆవిడ మామా-సాన్. కూర్చోగానే వేడి తడిగుడ్డ చేతికిచ్చింది తుడుచుకోమని. చిన్న గిన్నెలో ఏదో కూర పెట్టింది. మా రాజమండ్రి వాడు శాకాహారి. వాసన చూసి, "ఇందులోనూ చేపుంది గురూ" అని వేరుశనగ పప్పులకి దిగిపోయాడు. ఆ దేశంలో చేప పొడి పడని పులుసు దొరకడం అంత తేలిక్కాదు.

మూడు వేల యెన్‌లిస్తే కూర్చోవచ్చు, పాడుకోవచ్చు. యెన్ అంటే అర్ధ రూపాయి పైమాట అప్పట్లో. విస్కీ సీసా ఒకటి కొని అక్కడే ఉంచుకునే పద్ధతుంది. సీసా మెడకి పేరు రాసిన బిళ్ల కడతారు, మళ్లీ వచ్చినప్పుడు మన సీసా మనకే తీసిస్తారు. తర్వాత్తర్వాత మా ఇద్దరికీ కలిపి ఒక సీసా పెట్టుకున్నాం. మా ఇంటిపేర్లూ పేర్లూ విని మామా-సాన్ కలం ఆపేసి, బిళ్ల మీద ఇండో-సాన్, అంటే ఇండియా గారు, అని రాసేసింది. ఇద్దరికీ ఒకటే పేరు.

ఆ బార్లో వచ్చేవాళ్లంతా పాతకాపులు. నగతా వార్డులో సింథటిక్ జోళ్ల కార్ఖానా నడిపే పెద్దాయన ఒకరుండేవారు. ఆ వార్డంతా జోళ్ల పనికే ప్రసిద్ధి. ఆయన మైకు పట్టుకున్నారంటే శ్రుతి ఒక వీధిలో, ఆయన ఇంకో వీధిలో. మొదటి రాత్రి మా వాడు నా చెవిలో "బాబోయ్, ఎవరైనా ఆపరేంట్రా" అన్నాడు. ఎవరూ ఆపలేదు. ఆపకపోవడమే కాదు, నవ్వలేదు, ముఖం చిట్లించలేదు. పాట మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చప్పట్లు. ఆయన పాడే పాట ఇంకెవరూ పాడరు, అది ఆయనది. అలా ఒక్కొక్కరికీ ఒకటి. నేను తెలియక ఎవరి పాటైనా పెట్టేస్తానేమోనని మామా-సాన్ లావుపాటి పాటల పుస్తకంలో ఇంగ్లీషు పేజీలు తీసి ముందు పెట్టేది. కార్పెంటర్స్ అనే అమెరికా అన్నాచెల్లెళ్ల పాటలంటే అక్కడ పడి చస్తారు, కాబట్టి నాకు వాళ్లే దిక్కయ్యారు.

కొన్ని శుక్రవారాలు గడిచాక నా కళ్లు మామా-సాన్ చేతి మీద పడ్డాయి. జోళ్ల పెద్దాయన పాడుతున్నప్పుడు ఆవిడ గ్లాసులో ఐసు వేస్తూనే, ఎడం చేత్తో రిమోట్ మీద మీట నొక్కేది. పైస్థాయి వచ్చే ముందు శ్రుతి ఒక మెట్టు దింపేది. ఆయన ఊపిరి అందుకోలేకపోతే వేగం కొంచెం తగ్గించేది. ఆయనకి తెలుసో లేదో నాకెప్పుడూ అంతుపట్టలేదు. కచోకి తెలుసు. నేను చూడ్డం చూసి, కనుబొమ్మలెగరేసి, తన గ్లాసు నా గ్లాసుకి ఆనించారు.

ఆ తర్వాతే ఈ యంత్రం కథ చెప్పారు. ఆయన చెప్పిందే కాక తర్వాత నేను చదివిందీ కలిపి రాస్తున్నాను. కరోకే పుట్టింది ఈ కోబేలోనే, బార్లలో వాయించే ఇనోవె దైసుకె అనే వాద్యగాడి చేతిలో. ఆయన పని, తాగొచ్చిన పెద్దమనుషులు పాడుతుంటే వెనక వాయించడం. వాళ్లు తాళం తప్పితే తాను కూడా తప్పి కలిసేవాడు. అలా అలవాటుపడ్డ ఒక కంపెనీ యజమాని, మా వాళ్లతో వేడినీటి బుగ్గల ఊరికి వెళుతున్నాను, నువ్వూ రా, అక్కడా పాడాలి అన్నాడు. ఈయనకి కుదరక, ఆ పాటల వాద్యం మాత్రం టేపు మీద పట్టి ఇచ్చాడు. మనిషి లేకపోయినా పనైపోయింది. 1971లో ఎనిమిది ట్రాకుల టేపు, మైకు, నాణేలేసే పెట్టె కలిపి పదకొండు యంత్రాలు చేయించి కోబే బార్లకి అద్దెకిచ్చాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. 1999లో టైమ్ పత్రిక ఆ శతాబ్దపు ప్రభావశీలురైన ఆసియా వాళ్లలో ఆయన్ని చేర్చింది. 2004లో నవ్వించి ఆలోచింపజేసే ఇగ్ నోబెల్ వాళ్లు శాంతి బహుమతి ఇచ్చారు. మనుషులు ఒకర్నొకరు భరించడం నేర్చుకోవడానికి సరికొత్త దారి చూపినందుకట. వెటకారానికి ఇచ్చినా, ఆ బార్లో కూర్చున్నవాడికి అందులో వెటకారం కనబడదు. టోక్యో వాళ్లని అడిగితే, 1967లోనే మా నెగిషి షిగేఇచి ఇలాంటి పెట్టె చేశాడంటారు. అదీ నిజమే. ఫిలిప్పీన్స్‌లో రొబెర్టో దెల్ రొసారియో ఏకంగా పేటెంటే తీసుకున్నాడు. కోబేలో మాత్రం ఈ రెండు పేర్లూ ఎత్తకండి.

పాడేవాడు తప్పితే వాయించేవాడూ తప్పి కలవడం అన్నప్పుడు నాకు మా తాతయ్య హార్మోనిస్టు గుర్తొచ్చాడు. తాతయ్యది విజయనగరం దగ్గర పల్లె. పద్యనాటకాల్లో వేషం కట్టేవారు. పైస్థాయిలో రాగం తీశారంటే జనం వన్స్ మోర్ అని ఈలలేసేవారని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. వయసు మీద పడ్డాక గొంతు అందకపోతే, ఆ హార్మోనిస్టు ఎవరికీ తెలియకుండా అర శ్రుతి దించి అందించేవాడట. అది తాతయ్యకి. పాడలేనివాడికి మాత్రం మన దగ్గర ఎవరు దించారు గనక? పిల్లికూతలు కూసి దింపేది పాడేవాణ్ణే. మా నాన్నకి గొంతు రాలేదు. చిన్నప్పుడు ఒకసారి వినాయక చవితి పందిట్లో లేచి పాడితే, "నీకెందుకురా, మీ బాబు పాడితే విందాం" అన్నారట ఎవరో. విశాఖ పోర్టులో గుమాస్తాగా చేరి రిటైరయ్యేదాకా ఆయన నోట కూనిరాగం కూడా నేను వినలేదు. ఇంట్లో రేడియో మోగుతుంటే వేళ్లతో కుర్చీ చెయ్యి మీద తాళం వేసేవారు, అంతే.

జనవరి వచ్చింది. పదహారో తారీఖు రాత్రి బార్లో యంత్రం పన్నెండింటికే కట్టేసింది మామా-సాన్. దుకాణం మాత్రం మూయలేదు. ఎవరూ లేవలేదు కూడా. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకి ఆ ఊరిని భూకంపం కూల్చింది. ఆరువేల నాలుగు వందలమందికి పైగా పోయారు. ఎత్తుమీద వెళ్లే హన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే వంతెన పక్కకి ఒరిగి పడిపోయిన ఫొటో మన పేపర్లలోనూ వచ్చింది. నగతాలో ఇళ్లూ జోళ్ల కార్ఖానాలూ తగలబడ్డాయి, పెద్దాయనదీ వాటిలో ఒకటి. మామా-సాన్ పాత బారు ఉన్న మేడ మధ్య అంతస్తు నలిగిపోయిందట. ఆ రాత్రి దుకాణం తొందరగా కట్టేసి ఇంటికి పోవడం వల్ల బతికింది. ఇవేవీ ఆ రాత్రి వాళ్లు నాకు కూర్చోబెట్టి చెప్పిన కథలు కావు. అన్నేళ్లలో ఎన్నిసార్లు చెప్పుకున్నారో, మధ్యలో ఒక ముక్క, చివర ఒక ముక్క అనుకుంటుంటే కచో నాకోసం ఇంగ్లీషులో అతుకులేశారు. మాటల్లో క్యూ సకమోటో సంగతి కూడా వచ్చింది. 1963లో ఆయన జపాను పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. 1985 ఆగస్టులో టోక్యో నుంచి ఒసాకా వస్తున్న విమానం కొండకి కొట్టుకుని ఆయన పోయారు. మా ఇటువైపు వస్తూ పోయాడు అంది మామా-సాన్, సొంత మనిషి గురించి చెప్పినట్టు. ఐదింటికి అందరం కోట్లు తొడుక్కుని సముద్రం వైపు, సిటీ హాలు పక్కనున్న హిగాషి యూఎంచి పార్కుకి నడిచాం. వెదురు బొంగుల్లో దీపాలు పెట్టి 1.17 అని నేల మీద పేరుస్తారు. టైము కాగానే వేలమంది తలలొంచారు. చలికి నా పళ్లు టకటకలాడుతుంటే పెద్దాయన తన మఫ్లరు తీసి నా మెడకి చుట్టారు.

బహుశా ఆ మఫ్లరు ఋణమేనేమో, ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆయన "ఇండో-సాన్, మీ దేశం పాట" అంటే కాదనలేకపోయాను. పుస్తకంలో తెలుగు పాట ఎక్కడుంటుంది? రాజమండ్రి వాణ్ణి చూశాను. వాడు "నువ్వు పాడకపోతే నన్నడుగుతారు, కాపాడరా నాయనా" అన్నాడు. తాతయ్య దగ్గర విని విని నోటికొచ్చింది ఒక్కటే, కాటిసీను పద్యం. పండగ పూట పాడేది కాదని మనవాళ్లకి తెలుసు, వాళ్లకేం తెలుసు? మామా-సాన్ యంత్రం మ్యూట్ చేసింది. పద్యం ఎత్తుకున్నాను. రెండో పాదం చివర రాగం తీయబోతే గొంతు పగిలింది. దింపడానికి అక్కడ మీట లేదు. అప్పుడు జోళ్ల పెద్దాయన, ఆ శ్రుతిలేని మహానుభావుడు, ఊఁ అని కింది స్థాయిలో ఒక స్వరం పట్టుకున్నారు. అది నా శ్రుతి కాదు. కానీ ఆయన వదల్లేదు, నేనే దిగి దానికి సర్దుకున్నాను. మామా-సాన్ కూడా కలిసింది. అలా ముగ్గురు నలుగురి ఊఁకారం మీద పద్యం మొత్తం పూర్తయింది. కచో లేచి నిలబడి, రాజమండ్రి వాడు ముందే నేర్పిపెట్టినట్టున్నాడు, "వన్సు మోరు!" అని అరిచారు.

మార్చి పదో తారీఖున ఇంకో తమాషా. బార్లో చిన్న టీవీ ఉండేది, వార్తల్లో ఒసాకా దోతొన్‌బోరి కాలవలోంచి కెంటకీ చికెన్ తాతగారి బొమ్మ పైకి లాగుతున్నారు. 1985లో హన్షిన్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు లీగు గెలిచిన రాత్రి అభిమానులు ఆటగాళ్ల పోలికలున్నవాళ్లని ఒక్కొక్కర్నీ పిలిచి వంతెన మీంచి కాలవలోకి దూకించారు. ర్యాండీ బాస్ అనే గడ్డపు అమెరికన్ ఆటగాడికి పోలికైన మనిషి దొరక్క, షాపు ముందున్న ఈ బొమ్మని పెకలించి పడేశారు. ఆ ఏడాది జపాన్ సిరీస్ కూడా గెలిచారు గానీ, ఆ తర్వాత అప్పటిదాకా మళ్లీ గెలవలేదు. తాతగారి శాపం అని అందరికీ నమ్మకం. కోబేలో ఎవరింట్లో చూసినా టైగర్సే కదా, బార్లో ఆ రాత్రి పెళ్లి సందడి. మొదట పై సగమే దొరికింది, కాళ్లు మర్నాడు దొరికాయి, కళ్లజోడు దొరకనేలేదు. కళ్లజోడు దొరికితేగానీ శాపం పోదని కచో తీర్పిచ్చారు, స్కేలు పెట్టి కొలిచినంత గంభీరంగా.

మేలో స్వైన్ ఫ్లూ వచ్చింది. దేశంలోపలే అంటుకున్న మొదటి కేసు మే 16న మా కోబేలోనే, ఒక హైస్కూలు కుర్రాడికి తేలింది. మర్నాడు జరగాల్సిన కోబే పండగ ఆగిపోయింది, బళ్లు మూశారు, మందుల షాపుల్లో మాస్కు దొరికితే లాటరీ తగిలినట్టే. హిగాషిమోన్ వీధిలో బోర్డులు వెలుగుతున్నా మనిషి లేడు. మామా-సాన్ ప్రతి పాటకీ మైకుని స్పిరిటు గుడ్డతో తుడిచి ఇచ్చేది. జూన్‌లో ప్రాజెక్టు కత్తిరించారు. వచ్చేసే ముందు రాత్రి మా సీసాలో ఇంకా నాలుగు వేళ్ల విస్కీ ఉంటే మామా-సాన్ పారబోయనివ్వలేదు, బిళ్లతో సహా అరలో పెట్టేసింది.

మళ్లీ వెళ్లలేదు. వెళ్లలేకపోయానని ఏడవడానికీ ఏం లేదు, పెళ్లి, పిల్లలు, హైదరాబాద్ ట్రాఫిక్, అందరికీ ఉన్నవే. కచో ఏడాదికోసారి మెయిలు రాస్తారు. మామా-సాన్ దుకాణం ఎత్తేసి హిమెజీలో కూతురి దగ్గరికి వెళ్లిందని అలాగే తెలిసింది. 2023 నవంబరులో టైగర్స్ మళ్లీ జపాన్ సిరీస్ గెలిచారు, 38 ఏళ్ల తర్వాత. ఆ రాత్రి వచ్చిన మెయిల్లో ఒకటే వాక్యం: కళ్లజోడు లేకుండానే పనైపోయింది.

మా నాన్న సంగతి చెప్పాలి. రిటైరయ్యాక మా చెల్లెలు ఆయన ఫోన్లో స్మ్యూల్ అనే పాటల యాప్ వేసి ఇచ్చింది. మన వైపు ఇప్పుడు రిటైరైన వాళ్లలో సగంమంది దాని మీదే ఉన్నారని నా అనుమానం. ముక్కూ మొహం తెలియని వాళ్లెవరో సగం పాట పాడి పెడతారు, మిగతా సగం మనం కలపాలి. మొదట తలుపు వేసుకుని పాడేవారు. తర్వాత తలుపు తీశారు. మొన్న మేలో విశాఖ వెళితే, హాల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఏదో ఊళ్లో ఉన్న ఒక టీచరమ్మ గారితో యుగళగీతం అందుకున్నారు. శ్రుతి ఎక్కడుందని అడక్కండి. నేను సోఫాలో కూర్చుని చివర్లో చప్పట్లు కొట్టాను. ఆయన ఒక చెవిలోది తీసి నావైపు కోపంగా చూశారు.

"అదంతా రికార్డయిపోతంది. మళ్లీ పాడాల. ముందా ఫ్యానాపు, గుయ్యిమంటంది."

మే నెల ఉక్కలో ఫ్యానాపేసి కూర్చున్నాం, అమ్మా, నేనూ, పిల్లలూ, ఆయన రెండో టేకు అయ్యేదాకా.